పాక్-12 ఏమైంది, ఇక ఏమవుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

పాక్-12లో పాక్ అంటే పాకిస్తాన్ కాదు, పసిఫిక్. అమెరికా పడమటి యూనివర్సిటీలు కలిసి ఆడుకునే సంఘం అది, దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. పన్నెండులో పది దాన్ని వదిలి వెళ్లిపోయాయి. అందుకే ఏటా ఆగస్టులో కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ దగ్గరపడగానే నాకు ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. అడిగేవాళ్లలో ఎక్కువమంది టెంపీ, సియాటిల్, బే ఏరియాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లే. కొందరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి, పిల్లలు పంపిన స్టేడియం ఫోటోలు చూసి అడిగే అమ్మానాన్నలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసిపెడదామనిపించింది. ఇందులో ఫుట్‌బాల్ అన్నప్పుడల్లా అమెరికన్ ఫుట్‌బాల్ అని అర్థం, ఆ కోలగా ఉండే బంతితో ఆడేది.

కాన్ఫరెన్స్ అంటే ఏంటి? మన జేఎన్‌టీయూ అఫిలియేషన్ లాంటిదా?

చదువుకీ దానికీ సంబంధం లేదు. సిలబస్, పరీక్షలు, పట్టాలు ఏ యూనివర్సిటీవి ఆ యూనివర్సిటీవే. కలిసి ఆడుకోవడానికి, ఆ ఆటల మీద వచ్చే డబ్బు పంచుకోవడానికి కొన్ని యూనివర్సిటీలు పెట్టుకున్న సంఘాన్ని కాన్ఫరెన్స్ అంటారు. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో అదే తేలుస్తుంది, ఛాంపియన్‌షిప్ నడుపుతుంది, అందరి తరఫునా టీవీ హక్కులు అమ్ముతుంది. దేశం మొత్తానికి పైన ఎన్‌సీఏఏ అనే సంస్థ ఉంది, రూల్స్ చాలావరకు దానివే. ఫుట్‌బాల్ టీవీ డబ్బు మాత్రం కాన్ఫరెన్సుల చేతుల్లోనే ఉంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే కింద రాసినదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

జట్లు ఒక సంఘం వదిలి ఇంకో సంఘంలో చేరడాన్ని రీఅలైన్‌మెంట్ అంటున్నారు. మన భాషలో చెప్పాలంటే గోడ దూకడం.

కాలేజీ పిల్లల ఆటకి అంత డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

ఈ ప్రశ్న మనకు రావడం సహజం. మన దగ్గరా ఏటా అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు జరుగుతాయి. కబడ్డీ ఫైనల్ చూసేది ఎవరు? ఎదుటి జట్టు కుర్రాళ్లు, పీడీ గారు, టీ పట్టుకొచ్చిన అబ్బాయి. ఇక్కడ మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షా ఏడు వేలకు పైగా సీట్లున్నాయి. పెద్ద మ్యాచ్ ఉన్న శనివారం అన్నీ నిండుతాయి.

అసలు మలుపు 1984లో వచ్చింది. అప్పటిదాకా టీవీలో ఏ జట్టు ఎన్నిసార్లు కనపడాలో ఎన్‌సీఏఏ చెప్పేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కాయి. ఆ పెత్తనం చెల్లదని సుప్రీంకోర్టు 7-2తో తేల్చేసింది. అప్పటినుంచి ఎవరి సరుకు వాళ్లు అమ్ముకోవచ్చు. విడివిడిగా అమ్మేకన్నా గుంపుగా అమ్మితే రేటు ఎక్కువ పలుకుతుంది కాబట్టి కాన్ఫరెన్సులకు బలం వచ్చింది.

రేటు ఎంతవరకు వెళ్లిందంటే, 2022 జూన్‌లో ఐపీఎల్ ఐదు సీజన్ల హక్కులు 48,390 కోట్ల రూపాయలకు పోయాయి కదా, అదే ఏడాది ఆగస్టులో బిగ్ టెన్ అనే ఒక్క కాన్ఫరెన్స్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు ఒప్పందం చేసుకుంది. దాని విలువ 700 కోట్ల డాలర్లు దాటుతుందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఏడేళ్లకీ ఐదేళ్లకీ తేడా ఉందనుకోండి. అయినా ఆడేది విద్యార్థులు!

పాక్-12 అంత గొప్పదా?

పడమటి తీరంలో అదే పెద్ద ఇల్లు. 1915లో పోర్ట్‌లాండ్‌లోని ఒక హోటల్లో నాలుగు యూనివర్సిటీలు కూర్చుని పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ పేరుతో మొదలుపెట్టాయి. తర్వాత పాక్-8 అయింది, 1978లో అరిజోనా, అరిజోనా స్టేట్ వచ్చాక పాక్-10 అయింది, 2011లో కొలరాడో, యూటా చేరాక పాక్-12. అన్ని ఆటలూ కలిపి 500కు పైగా ఎన్‌సీఏఏ టైటిళ్లు. అందుకే ‘కాన్ఫరెన్స్ ఆఫ్ ఛాంపియన్స్’ అని వాళ్లే పేరు పెట్టుకున్నారు, ఎవరూ కాదనలేదు.

నాకు మాత్రం టైటిళ్ల కన్నా ఆ మ్యాపే ఇష్టం. పాక్-10 రోజుల్లో అన్నీ జంటలే. వాషింగ్టన్ రాష్ట్రంలో రెండు, ఒరెగాన్‌లో రెండు, బే ఏరియాలో రెండు, లాస్ ఏంజెలెస్‌లో రెండు, అరిజోనాలో రెండు. బాస్కెట్‌బాల్ జట్టు బే ఏరియా వెళ్లిందంటే గురువారం స్టాన్‌ఫర్డ్‌తో, శనివారం కాల్‌తో (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఆడి ఇంటికొచ్చేది. ఒకే బస్సు చార్జీతో రెండు పెళ్లిళ్లూ చూసుకుని వచ్చినట్టు. పిల్లలకు పోయేది రెండు రోజుల క్లాసులే. వందేళ్లపాటు ఇది నడవడానికి కారణం ఇరుగుపొరుగు కావడమే. టీవీ వాళ్ల లెక్కల్లో ఇరుగుపొరుగుకి గడి లేదు.

మరి ఎలా కూలిపోయింది?

ఒక్క రోజులో కూలినట్టు కనపడింది కానీ పగుళ్లు పదేళ్ల నాటివి.

మొదటి పగులు 2012లో. అప్పటి కమిషనర్, అంటే కాన్ఫరెన్స్‌ను నడిపే అధికారి, లారీ స్కాట్ హయాంలో పాక్-12 సొంత టీవీ చానళ్లు పెట్టుకుంది. దేశమంతటికీ ఒకటి, ప్రాంతాలవారీగా ఆరు. బిగ్ టెన్‌కు ఫాక్స్ తోడుంది, తర్వాత ఎస్‌ఈసీ అనే దక్షిణాది కాన్ఫరెన్స్‌కు ఈఎస్‌పీఎన్ తోడుంది. వీళ్లు మాత్రం భాగస్వామి అక్కర్లేదు, లాభమంతా మనదే అనుకున్నారు. కానీ డైరెక్‌టీవీ అనే పెద్ద డిష్ కంపెనీ ఆ చానళ్లను చివరిదాకా తీసుకోలేదు. అంటే పిజ్జా షాపులో, బార్‌లో, చాలా ఇళ్లలో మ్యాచ్ కనపడేది కాదు. దానికితోడు శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున ఖరీదైన ఆఫీసు.

రెండో పగులు 2021లో. టెక్సస్, ఓక్లహోమా యూనివర్సిటీలు బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌ను వదిలి ఎస్‌ఈసీకి వెళ్తామన్నాయి. బిగ్ 12లో మిగిలిన ఎనిమిది జట్లు బెంబేలెత్తి అటూ ఇటూ చూస్తున్నాయి. వాళ్లలో నలుగురిని తెచ్చుకునే అవకాశం పాక్-12 ముందు ఉంది. ఆగస్టులో ‘మాకు కొత్తవాళ్లు అక్కర్లేదు’ అని ప్రకటించింది. రెండేళ్లు తిరక్కుండానే ఆ బిగ్ 12 వచ్చి పాక్-12 నుంచి నలుగురిని పట్టుకుపోయింది.

మూడోది పిడుగు. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ జట్లు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ 2024 నుంచి బిగ్ టెన్‌లో ఆడతామని చెప్పేశాయి. లాస్ ఏంజెలెస్ పోతే టీవీ వాళ్ల దృష్టిలో పాక్-12కు మిగిలే విలువెంత? కొత్త కమిషనర్ జార్జ్ క్లియావ్‌కాఫ్ నిదానంగా బేరమాడుతూ కూర్చున్నాడు. బిగ్ 12 కమిషనర్ బ్రెట్ యోర్మార్క్ ఈలోగా క్యూలో ముందుకు దూరి, 2022 అక్టోబర్‌లోనే ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో సంతకాలు చేయించుకున్నాడు. జట్టుకి ఏడాదికి 3 కోట్ల డాలర్లకు పైనే. తర్వాత వచ్చినవాళ్లకి గల్లాపెట్టెలో చిల్లరే మిగిలింది.

2023 జులై 27న కొలరాడో వెళ్లిపోయింది. ఆగస్టు మొదట్లో పాక్-12 చేతిలో ఉన్నది ఆపిల్ ఇస్తానన్న స్ట్రీమింగ్ ఒప్పందం ఒక్కటే. చందాదారులు పెరిగితే డబ్బు పెరుగుతుంది, లేకపోతే లేదు. ఆగస్టు 4, శుక్రవారం పొద్దున్నే మిగిలిన తొమ్మిది యూనివర్సిటీల అధిపతులు సంతకాలు చేస్తారని అందరూ ఎదురుచూస్తున్నారు. సంతకాలు జరగలేదు. ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు వెళ్తున్నాయని అదే రోజు తెలిసింది. సాయంత్రానికి అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 దారి పట్టాయి. ఎవరికి వారే యమునా తీరే. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, కాల్ కూడా మూట సర్దుకున్నాయి. పన్నెండులో మిగిలింది రెండు.

తప్పెవరిది? కమిషనర్లదేనా?

వాళ్లను తిట్టడం తేలిక. నేను యూనివర్సిటీ అధిపతులనే ముందు తప్పుబడతాను. చానళ్లకి సరేనన్నది వాళ్లు, కొత్తవాళ్లను వద్దన్నది వాళ్లు. ఈఎస్‌పీఎన్ జట్టుకి 3 కోట్ల డాలర్లు ఇస్తామంటే 5 కోట్లు కావాలని తిప్పి పంపింది కూడా వాళ్లేనని తర్వాత గట్టిగా వార్తలొచ్చాయి. దూరపు కొండలు నునుపు అని అందరికీ తెలుసు, అయినా ఎక్కడానికి అందరూ వెళ్లారు. ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లో చేరింది కూడా పూర్తి వాటాకు కాదు, ఇంచుమించు సగానికి.

బిగ్ టెన్ అంటే పది జట్లా?

పేరు పది, లోపల పద్దెనిమిది. బిగ్ 12లో పదహారు. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్, అంటే ఏసీసీలో ఫుట్‌బాల్‌కు పదిహేడు. పాక్-12లో 2026 నుంచి తొమ్మిది. వీటికి లెక్కల మాస్టారిని పెట్టుకోరు.

స్టాన్‌ఫర్డ్ పసిఫిక్ ఒడ్డున కదా ఉంది, అట్లాంటిక్ కాన్ఫరెన్స్‌లో ఏం చేస్తోంది?

వేరే ఎవరూ పిలవలేదు, అంతే. ఆ పిలుపుకీ ఖరీదు కట్టారు. మొదటి ఏడేళ్లు స్టాన్‌ఫర్డ్, కాల్‌లకు టీవీ డబ్బులో వచ్చేది మిగతావాళ్ల వాటాలో 30 శాతం దగ్గర. వాళ్లతోపాటు చేరిన డల్లాస్‌లోని ఎస్‌ఎంయూ అయితే తొమ్మిదేళ్లు టీవీ డబ్బు అసలు వద్దంది. ఎదురు కట్నం ఇచ్చి మరీ సంబంధం కలుపుకున్నట్టు. ఎస్‌ఎంయూకు డబ్బున్న పూర్వ విద్యార్థులున్నారు కాబట్టి చెల్లింది. మొదటి ఏడాదే ప్లేఆఫ్‌కు, అంటే దేశ ఛాంపియన్‌ను తేల్చే పోటీకి, కూడా వెళ్లింది.

ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే ఎందుకు మిగిలిపోయాయి? ఆట రాకా?

ఆటకేం లోటు లేదు. ఒరెగాన్ స్టేట్ ఉన్నది కోర్‌వాలిస్ అనే చిన్న పట్నంలో. వాషింగ్టన్ స్టేట్ ఉన్నది పుల్‌మన్‌లో, ముప్పై వేల పైచిలుకు జనం, చుట్టూ గోధుమ చేలతో నిండిన గుట్టలు. టీవీ వాళ్లు చూసేది ఆ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో టీవీలున్నాయని. అక్కడ వీళ్లకు మార్కులు పడలేదు.

ఇక్కడ కాస్త పాత సంగతి చెప్పాలి. ఈ రెంటినీ వదిలేసి పోవడం ఇది రెండోసారి. 1956లో పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో పెద్ద రచ్చ జరిగింది. వాషింగ్టన్, యూసీఎల్‌ఏ లాంటి పెద్ద జట్ల అభిమానులు ఆటగాళ్లకు చాటుగా డబ్బిస్తున్నారని బయటపడింది. జరిమానాలు, నిషేధాలు, ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు. చివరికి 1959లో కాన్ఫరెన్స్‌నే రద్దు చేసుకుని, కాలిఫోర్నియాలోని నాలుగు, వాషింగ్టన్ ఒకటి కలిసి కొత్త సంఘం పెట్టుకున్నాయి. బయట మిగిలినవి ఒరెగాన్, ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్, ఐడహో. వాషింగ్టన్ స్టేట్‌ను 1962లో, రెండు ఒరెగాన్‌లను 1964లో మళ్లీ లోపలికి రానిచ్చారు. ఐడహోను ఎప్పటికీ రానివ్వలేదు. ఐడహో యూనివర్సిటీ ఉన్న మాస్కో పట్నం పుల్‌మన్‌కి పదమూడు కిలోమీటర్ల దూరం. 2018లో ఆ జట్టు కింది డివిజన్‌కు దిగిపోయింది. 2023 ఆగస్టులో పుల్‌మన్ వాళ్లకు పట్టుకున్న టెన్షన్ ఎలాంటిదో తెలియాలంటే పక్క ఊరి వైపు చూస్తే చాలు.

అప్పట్లో ఇల్లు కూలింది ఆటగాళ్లకు డబ్బిచ్చారని. ఇప్పుడు డబ్బివ్వడం రూలు. ఆ సంగతి కింద చెబుతాను.

మరి ఆ ఇద్దరూ ఎలా నిలబడ్డారు?

కోర్టుకెళ్లి. వెళ్లిపోతున్న పదిమందికి ఇంకా బోర్డులో ఓటు ఉందా లేదా అన్నది తగువు. ఓటుంటే సంఘాన్ని మూసేసి ఖజానా పంచుకుపోవచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలో విట్‌మన్ కౌంటీ కోర్టు 2023 నవంబర్‌లో మిగిలినవాళ్ల వైపే మొగ్గింది, డిసెంబర్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. తర్వాత రాజీ కుదిరింది. వెళ్లేవాళ్లు తలా 65 లక్షల డాలర్లు, మొత్తం 6.5 కోట్లు వదులుకున్నారు. పేరు, పాత ఆస్తులు, ముందుముందు రావాల్సిన డబ్బు, అప్పులు, కేసులు, అన్నీ ఇద్దరికే మిగిలాయి. ఉమ్మడి కుటుంబం పంపకాల్లో పాత ఇల్లు ఆ ఊళ్లోనే ఉండిపోయినవాడికి రాసిచ్చినట్టు.

ఫుట్‌బాల్‌లో పైస్థాయి కాన్ఫరెన్స్‌కు కనీసం ఎనిమిది జట్లుండాలి. తగ్గితే సరిచేసుకోవడానికి ఎన్‌సీఏఏ రెండేళ్లు గడువిస్తుంది. ఆ గడువునే నమ్ముకుని రెండే జట్లతో రెండు సీజన్లు గడిపారు. మిగతా ఆటల్లో చాలావాటిని వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో అద్దెకు దిగినట్టు ఆడుకున్నారు. 2024 మార్చి నుంచి టెరీసా గూల్డ్ కమిషనర్.

ఈలోగా ఇల్లు చాలావరకు ఖాళీ అయింది. ఒరెగాన్ స్టేట్ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు 2024లో దేశంలో చివరి ఎనిమిది జట్లలో ఒకటి. సీజన్ అయిన కొన్ని వారాలకే ఆ జట్టులోని ముఖ్యమైనవాళ్లు వేరే చోట్లకు వెళ్లిపోయారు. వాషింగ్టన్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) క్యామ్ వార్డ్ మయామీ యూనివర్సిటీకి వెళ్లి, 2025లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరయ్యాడు. మంచి సంగతి కూడా ఒకటి చెప్పాలి కదా. కొత్త అమ్మాయిలతో ఒరెగాన్ స్టేట్ 2025లో వెస్ట్ కోస్ట్ టోర్నమెంట్ గెలిచేసింది.

మౌంటెన్ వెస్ట్‌తో గొడవేంటి?

2024 సీజన్‌కు ఆడటానికి జట్లు కావాలి. మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్ దాదాపు 1.4 కోట్ల డాలర్లు తీసుకుని మ్యాచ్‌లిచ్చింది. ఆ కాగితంలోనే ఒక షరతు రాసుకుంది. మా జట్లను లాక్కుంటే మొదటిదానికి కోటి డాలర్లు, ఆపైన ఒక్కోదానికి ఇంకో 5 లక్షలు పెంచుకుంటూ పోవాలి. 2024 సెప్టెంబర్‌లో పాక్-12 అయిదింటిని లాక్కుంది. లెక్కేస్తే 5.5 కోట్లు. కట్టాల్సి వచ్చేసరికి ఆ షరతే చట్టవిరుద్ధమని కోర్టుకెక్కింది. సంతకం పెట్టింది తనే. నాకు ఒరెగాన్ స్టేట్ అంటే ఇష్టమే, అయినా ఈ విషయంలో వెనకేసుకురావడం కష్టం. తనకు పదిమంది చేసినదాన్నే మౌంటెన్ వెస్ట్‌కు తను చేసింది.

కొత్త పాక్-12లో ఎవరెవరున్నారు?

2026 జులై 1 నుంచి లెక్క. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ పాతవాళ్లు. మౌంటెన్ వెస్ట్ నుంచి బాయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియాగో స్టేట్, యూటా స్టేట్. సన్ బెల్ట్ కాన్ఫరెన్స్ నుంచి టెక్సస్ స్టేట్. ఫుట్‌బాల్ లేని గొన్‌జాగా.

వీళ్లలో బాయిసీ స్టేట్ గురించి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు జూనియర్ కాలేజీ. 1986లో మైదానానికి నీలం రంగు గడ్డి వేశారు. నిజంగానే నీలం, మొదటిసారి టీవీలో చూసినప్పుడు సెట్టు చెడిపోయిందనుకున్నాను. 2007లో ఫియెస్టా బౌల్ అనే పెద్ద మ్యాచ్‌లో ఓక్లహోమాను 43-42తో కొట్టిన మ్యాచ్‌ను ఇక్కడివాళ్లు ఇప్పటికీ కథలా చెబుతారు.

గొన్‌జాగా ఉన్న స్పొకేన్ పుల్‌మన్‌కు గంటన్నర దూరం. 1999 నుంచి ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ జరిగిన ప్రతిసారీ ఆడింది, 2017, 2021ల్లో ఫైనల్ దాకా వెళ్లింది. శాన్ డియాగో స్టేట్ 2023 ఫైనల్లో ఆడింది. అంటే బాస్కెట్‌బాల్‌లో ఈ ఇల్లు బాగానే ఉంటుంది.

మెంఫిస్, టులేన్ లాంటివాళ్లను పిలిస్తే రామన్నారు. ఎనిమిదో ఫుట్‌బాల్ జట్టు కోసం వెతికి వెతికి, ఆస్టిన్‌కీ శాన్ ఆంటోనియోకీ మధ్యలో శాన్ మార్కస్‌లో ఉన్న టెక్సస్ స్టేట్‌ను 2025 జూన్ 30న ఖాయం చేసుకున్నారు. ఆ తేదీకి కారణం ఉంది. ఒక్కరోజు ఆలస్యమైతే వదిలి వెళ్తున్నందుకు సన్ బెల్ట్‌కు కట్టాల్సిన 50 లక్షల డాలర్లు కోటి అయ్యేవి. కరెంటు బిల్లు ఆఖరి రోజు కట్టేది మనమొక్కళ్లమే కాదన్నమాట.

మ్యాచ్‌లు ఎక్కడ చూడాలి?

2026 నుంచి 2030-31 సీజన్ దాకా సీబీఎస్ ప్రధాన భాగస్వామి. సీడబ్ల్యూ, యూఎస్‌ఏ నెట్‌వర్క్‌ల్లో కూడా వస్తాయి. పాత పాక్-12 చానళ్లు 2024 జూన్ ఆఖరుకి మూతపడ్డాయి. ఇండియాలో ఉన్నవాళ్లకు పడమటి రాష్ట్రాల రాత్రి మ్యాచ్ అంటే ఆదివారం ఉదయం టిఫిన్ వేళకు వస్తుంది, అదొక సుఖం.

ఇప్పటికీ ఇది పెద్ద కాన్ఫరెన్సేనా?

పాత అర్థంలో కాదు. బిగ్ టెన్, ఎస్‌ఈసీ ఒక ఎత్తు, బిగ్ 12, ఏసీసీ వాటి తర్వాత. కొత్త పాక్-12ను ఆ నాలుగింటి పక్కన ఎవరూ కూర్చోబెట్టడం లేదు. కానీ 2024 నుంచి ప్లేఆఫ్ పన్నెండు జట్లతో జరుగుతోంది. ఆ నలుగురికి బయట ఉన్న ఛాంపియన్లలో ర్యాంకు పైనున్నవాళ్లకి ఒక సీటు దొరుకుతుంది. 2024లో ఆ సీటు బాయిసీ స్టేట్‌ది. వాళ్ల ఆటగాడు యాష్టన్ జెంటీ పరుగుల పుణ్యమా అని మూడో సీడ్‌గా వెళ్లి పెన్ స్టేట్ చేతిలో ఓడింది. ఆ ఒక్క సీటు కోసం ఏటా గట్టి పోటీదారుగా ఉండటమే కొత్త పాక్-12 వ్యాపారం. అందుకు వీళ్ల దగ్గర సరిపడా సరుకుందని నా నమ్మకం. దాన్ని మించి ఎవరైనా చెబితే అమ్మకం కబుర్లుగా తీసుకోండి.

ఫుట్‌బాల్ కాక మిగతా ఆటల పిల్లల సంగతేంటి?

నాకు బాధనిపించేది ఇక్కడే. ఫుట్‌బాల్ జట్టు వారానికొకసారి ఆడుతుంది, చార్టర్ విమానంలో వెళ్లొస్తుంది. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ పిల్లల బతుకు వేరు.

యూసీఎల్‌ఏలో చదివే ఒక వాలీబాల్ అమ్మాయి న్యూజెర్సీలోని రట్‌గర్స్‌కు వెళ్లాలనుకోండి. దాదాపు 4 వేల కిలోమీటర్లు. మధ్యాహ్నం క్లాసు మధ్యలో లేచి ఎయిర్‌పోర్టుకు పరుగు. అయిదు గంటల పైచిలుకు విమానం. దిగేసరికి అక్కడ అర్ధరాత్రి, ఒంటికి మాత్రం రాత్రి తొమ్మిదే, నిద్ర రాదు. మర్నాడు ప్రాక్టీసు, ఆ మర్నాడు మ్యాచ్, మధ్యలో హోటల్ లాబీలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆన్‌లైన్ క్విజ్. ఆదివారం రాత్రి ఇల్లు చేరితే సోమవారం ఎనిమిదింటికి కెమిస్ట్రీ ల్యాబు. ఇదివరకు ఇదే అమ్మాయి అదే ఊళ్లో ఉన్న యూఎస్‌సీకి బస్సులో వెళ్లొచ్చేది, మరీ దూరమంటే సియాటిల్.

టీవీ ఒప్పందం కుదిరింది ఫుట్‌బాల్ కోసం. ప్రయాణం మాత్రం అందరికీ. ఫుట్‌బాల్‌ను విడదీసి దేశవ్యాప్త లీగ్ పెట్టుకోండి, మిగతా ఆటలను పాత ఇరుగుపొరుగు లీగ్‌లకే వదిలేయండి అని చాలామంది కోచ్‌లు, విశ్లేషకులు అడుగుతూనే ఉన్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది. ఇంతవరకు ఎవరూ కదల్లేదు.

ఆటగాళ్లకు జీతాలిస్తున్నారట, నిజమేనా?

జీతం అనరు, ఆదాయంలో వాటా అంటున్నారు. 2021 జులై నుంచి తమ పేరు, బొమ్మ వాడుకుని ప్రకటనల్లో సంపాదించుకోవచ్చన్నారు. తర్వాత ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదం తెలిపారు. దాంతో యూనివర్సిటీలే నేరుగా ఇవ్వొచ్చు. 2025-26కు ఒక్కో యూనివర్సిటీ పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. పాత ఆటగాళ్లకు పదేళ్లలో 280 కోట్ల డాలర్లు బాకీ తీర్చాలి. ఇది రీఅలైన్‌మెంట్‌ను ఇంకా ఎగదోస్తుంది. బిగ్ టెన్ జట్టుకు టీవీ డబ్బుతోనే ఆ ఖర్చు వెళ్లిపోతుంది, పుల్‌మన్‌లో అంత ఎక్కడినుంచి తెస్తారు?

పాత పోటీలు ఉంటాయా?

కొన్ని. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్‌ల యాపిల్ కప్ బతికే ఉంది. కానీ థ్యాంక్స్‌గివింగ్ వారంలో చలికి వణుకుతూ చూసే మ్యాచ్‌ను 2024లో సెప్టెంబర్‌కు జరిపారు. సంక్రాంతి కోడిపందేలు ఆషాఢంలో పెట్టినట్టు. ఆట మాత్రం అదిరింది. ఆఖర్లో వాషింగ్టన్ గోల్ లైన్‌కు ఒక్క గజం దూరంలో ఉంది, నాలుగో ప్రయత్నం, అంటే ఆఖరిది. పక్కకి పరుగు తీయబోయి అక్కడే దొరికిపోయింది. వాషింగ్టన్ స్టేట్ 24-19. వదిలేసిన పక్కింటివాడిని వాడి ఊళ్లోనే ఓడించారు.

మా అబ్బాయికి వాషింగ్టన్ స్టేట్‌లో ఎంఎస్ సీటొచ్చింది. కాన్ఫరెన్స్ మారితే డిగ్రీ విలువ తగ్గుతుందా?

తగ్గదండీ. ప్రొఫెసర్లు, ల్యాబులు, ఫండింగ్, ఉద్యోగాల రికార్డు చూసుకోండి. చాలా యూనివర్సిటీలు విద్యార్థుల నుంచి ఆటల ఫీజు వసూలు చేస్తాయి, బిల్లులో ఆ లైను ఉందేమో మాత్రం చూడమనండి. ఉంటే స్టూడెంట్ టికెట్ వస్తుందేమో కూడా కనుక్కోమనండి. కట్టాక చూడకపోవడమెందుకు?

మళ్లీ ఇలాంటి కూలుడు ఎప్పుడు?

ఒప్పందాలు ముగిసే తేదీలు చూసుకుంటే చాలు. బిగ్ టెన్‌ది 2029-30తో, బిగ్ 12దీ కొత్త పాక్-12దీ 2030-31తో అయిపోతాయి. ఏసీసీలో ఫ్లోరిడా స్టేట్, క్లెమ్‌సన్ వేసిన కేసులు 2025 మార్చిలో రాజీ పడ్డాయి. ఆ రాజీ ప్రకారం బయటికెళ్లే ఖర్చు ఏటేటా తగ్గి, 2030-31కి 7.5 కోట్ల డాలర్లకు దిగుతుంది. అన్నీ రెండేళ్ల తేడాలో. అప్పుడు ఏసీసీ చీలితే స్టాన్‌ఫర్డ్, కాల్ పాత గుమ్మం ముందుకు వస్తాయని కొందరి ఆశ. వస్తే రావచ్చు. వచ్చినా వాటా విషయంలో ఈసారి బేరం చేసేది కోర్‌వాలిస్, పుల్‌మన్.

కొత్తగా చూడటం మొదలుపెట్టాలంటే దేంతో మొదలుపెట్టాలి?

మ్యాచ్ కన్నా ముందు శనివారం పొద్దున ఈఎస్‌పీఎన్‌లో వచ్చే కాలేజ్ గేమ్‌డే చూడండి. ప్రతి వారం ఒక కొత్త ఊరినుంచి లైవ్. వ్యాఖ్యాతల వెనకాల గుంపులో, ఆ రోజు ఎవరు ఆడుతున్నా సరే, ఎర్రటి వాషింగ్టన్ స్టేట్ జెండా ఒకటి ఊగుతుంటుంది. 2003లో ఒక పూర్వ విద్యార్థి న్యూ మెక్సికో నుంచి టెక్సస్ దాకా కారులో వెళ్లి మొదటిసారి ఎగరేశాడు. ఆ తర్వాత ఒక్క వారం కూడా తప్పలేదు. జెండాను పెట్టెలో పెట్టి కొరియర్‌లో తర్వాతి ఊరికి పంపిస్తారు, అక్కడుండే పూర్వ విద్యార్థి ఎవరో తెల్లవారుజామునే లేచి వెళ్లి నిలబడతారు. అలా పదిహేనేళ్లు ఊరూరా తిరిగాక, 2018 అక్టోబర్‌లో ఆ షో మొదటిసారి పుల్‌మన్‌కు వచ్చింది. ఆ రోజు ఎదురుగా ఆడింది ఒరెగాన్. వాషింగ్టన్ స్టేట్ 34-20తో గెలిచింది, సోమవారానికల్లా జెండా మళ్లీ పెట్టెలోకి వెళ్లింది.